కారులో ఫోన్ కలపడానికి ఏది మేలు: బ్లూటూతా, కేబులా, వైర్‌లెస్సా?

కొత్త కారు కొనేటప్పుడు ఇంట్లో మైలేజీ మీద, రంగు మీద, సన్‌రూఫ్ మీద రోజుల తరబడి చర్చ నడుస్తుంది. ఫోన్ సంగతి వచ్చేసరికి మాత్రం "ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాప్, పాటలు కారు స్క్రీన్ మీదికి తెచ్చేది) ఉందా?" అని అడుగుతాం, "ఉంది సార్" అంటారు, అక్కడితో ఆగిపోతాం. అది కేబుల్‌తో పనిచేస్తుందా, కేబుల్ లేకుండానా, ఏ పోర్టులో పెట్టాలి, మన ఫోన్‌కు సరిపోతుందా అన్నవి కారు ఇంటికొచ్చాక గానీ తెలియవు. సన్‌రూఫ్ నెలకోసారి తెరుస్తామేమో, ఫోన్ మాత్రం కారెక్కిన ప్రతిసారీ కలుపుతాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు కేబులే మేలు. ఊళ్లోనే తిరుగుతూ రోజులో చాలాసార్లు ఎక్కి దిగేవాళ్లకు వైర్‌లెస్ నిజంగా సుఖం. స్క్రీన్ లేని పాత కారున్నవాళ్లు వేలు పోసి స్టీరియో మార్చే ముందు, బ్లూటూత్‌తో పాటు ఒక గట్టి మొబైల్ హోల్డర్ సరిపోతుందేమో చూసుకోవాలి. చాలామందికి సరిపోతుంది.

ముందు మీ కారులో ఏముందో చూడండి

స్క్రీన్ ఉన్నంత మాత్రాన ఆండ్రాయిడ్ ఫోన్లకు పనికొచ్చే ఆండ్రాయిడ్ ఆటో, ఐఫోన్లకు పనికొచ్చే కార్‌ప్లే ఉన్నట్టు కాదు. తక్కువ ధర వేరియంట్లలో స్క్రీన్ కనిపిస్తుంది కానీ, రేడియో, బ్లూటూత్, రివర్స్ కెమెరాతోనే సరి. స్క్రీన్‌లోని సెట్టింగ్స్ తెరిచి, ఫోన్ లేదా కనెక్టివిటీ అని ఉన్నచోట ఆ రెండు పేర్లూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపిస్తే కేబుల్‌తోనైనా పని జరుగుతుంది.

ఈ రెండింటి గురించి ఒక మాట. యాపిల్ కార్‌ప్లే 2014లో వచ్చింది. ఆండ్రాయిడ్ ఆటోను గూగుల్ అదే ఏడాది ప్రకటించి 2015లో విడుదల చేసింది. రెండూ చేసే పని ఒక్కటే. మ్యాప్, పాట, కాల్, మెసేజ్ అన్నీ నడిచేది ఫోన్‌లోనే. కారు స్క్రీన్ ఆ బొమ్మను చూపించి, మీ వేలు ఎక్కడ తగిలిందో ఫోన్‌కు తిరిగి చెబుతుంది. అందుకే ఫోన్ వేడెక్కితే కారు స్క్రీన్ కూడా తడబడుతుంది. ఫోన్‌లో డేటా లేకపోతే స్క్రీన్ మీద ట్రాఫిక్ కూడా కనిపించదు. ఇది గుర్తుంచుకుంటే, తప్పు కారుదా ఫోన్‌దా అన్న సందేహం సగం తీరిపోతుంది.

ఆండ్రాయిడ్ ఆటో వేరు, ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ వేరు. రెండోది కారులోనే నడిచే సిస్టమ్. ఫోన్ లేకపోయినా గూగుల్ మ్యాప్స్ పనిచేస్తుంది. వోల్వో, పోల్‌స్టార్ కార్లలో ముందుగా వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో తేడా బాగా తెలుసు. టెస్లా కార్లు ఇన్నేళ్లూ కార్‌ప్లేను గానీ ఆండ్రాయిడ్ ఆటోను గానీ ఇవ్వకుండా సొంత సిస్టమ్‌తోనే నడిచాయి, కాల్స్‌కూ పాటలకూ బ్లూటూతే దారి. జనరల్ మోటార్స్ కూడా 2023లో, ఇకపై తెచ్చే కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఈ రెండూ ఉండవని ప్రకటించింది. కాబట్టి విదేశంలో కారు కొనేవాళ్లు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

బ్లూటూత్: తక్కువ అంచనా వేయొద్దు

బ్లూటూత్ ఒక్కటే ఉన్నా కాల్స్ వస్తాయి, పాటలు వస్తాయి, స్టీరింగ్ మీది బటన్‌తో పాట మార్చుకోవచ్చు, ఫోన్‌లోని పేర్లు కారులో కనిపిస్తాయి. ఒకసారి జత చేస్తే ఆ తర్వాత తాళం తిప్పగానే దానంతట అదే కలుస్తుంది. బ్యాటరీ ఖర్చు చాలా తక్కువ. ఫోన్ జేబులోంచి తీయక్కర్లేదు. రోజూ తెలిసిన దారిలోనే ఆఫీసుకు వెళ్లి వచ్చేవారికి ఇంతకంటే ఏం కావాలి?

లోటల్లా మ్యాప్ దగ్గరే. స్క్రీన్ మీద దారి కనిపించదు. ఫోన్‌ను హోల్డర్‌లో పెట్టి చూసుకోవాలి, లేదా మాట విని నడపాలి. గూగుల్ మ్యాప్స్ తెలుగులో దారి చెబుతుంది కాబట్టి, ఇంగ్లిష్ సూచనలతో ఇబ్బంది పడే పెద్దవాళ్లకు అదే పెద్ద సాయం. యాప్ సెట్టింగ్స్‌లో వాయిస్ భాషను తెలుగుకు మార్చండి.

"బ్లూటూత్ కలిసింది, పాట వస్తోంది, కానీ మ్యాప్ మాట వినిపించడం లేదు" అని చాలామంది అంటారు. కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. మొదటిది, కారులో రేడియో నడుస్తూ ఉంటుంది. స్టీరియో బ్లూటూత్ ఆడియో మీద ఉంటేనే మ్యాప్ మాట వినిపిస్తుంది. రెండోది, గూగుల్ మ్యాప్స్ నావిగేషన్ సెట్టింగ్స్‌లో వాయిస్‌ను బ్లూటూత్ మీద వినిపించే ఆప్షన్ ఆపేసి ఉంటుంది. ఇవి రెండూ చూసుకుంటే మెకానిక్ దగ్గరికి వెళ్లే పనే లేదు.

పాటల నాణ్యత గురించి అడిగేవాళ్లుంటారు. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపుతారు, అందుకే చెవి పట్టున్నవాళ్లకు కేబుల్‌తో తేడా తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిన మామూలు స్పీకర్లతో, ఏసీ చప్పుడు మధ్య, నాకైతే అది డబ్బు ఖర్చు పెట్టేంత తేడా కాదు.

కేబుల్: పాతదే, కానీ నమ్మదగింది

కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే కలిపితే మూడు లాభాలు. కనెక్షన్ మధ్యలో తెగదు. ఫోన్ ఛార్జ్ అవుతూ ఉంటుంది. మీరు వేలు పెట్టిన వెంటనే స్క్రీన్ స్పందిస్తుంది. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా బయల్దేరిన రోజున ఈ మూడింటి విలువ తెలుస్తుంది.

"కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది, ఆండ్రాయిడ్ ఆటో మాత్రం రావడం లేదు" అన్న ఫిర్యాదు అన్నిటికంటే ఎక్కువ వినిపిస్తుంది. యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు తీగలు, డేటాకు రెండు తీగలు ఉంటాయి. చవక కేబుళ్లలో కొన్నింటికి డేటా తీగలే ఉండవు, అవి ఛార్జింగ్‌కు మాత్రమే. మరికొన్నింట్లో ఉన్నా, వంగి వంగి లోపల తెగిపోయి ఉంటాయి. స్క్రీన్ చెడిపోయిందనుకుని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తే ముందు ఫోన్‌తో పాటు వచ్చిన అసలు కేబుల్ పెట్టి చూడండి. ఒక మీటరు లోపు పొడవున్న మంచి కేబుల్ వాడమని, మధ్యలో హబ్‌లూ ఎక్స్‌టెన్షన్లూ పెట్టవద్దని గూగుల్ కూడా చెబుతుంది. వెనక సీటు దాకా వచ్చే రెండు మీటర్ల కేబుల్ ఛార్జింగ్‌కు ఉంచుకోండి, దీనికి వద్దు.

తర్వాత చూడాల్సింది పోర్టు. కారులో మూడు నాలుగు యూఎస్‌బీ పోర్టులు ఉన్నా, స్క్రీన్‌తో మాట్లాడేది చాలా కార్లలో ఒక్కటే, మిగతావి ఛార్జింగ్‌కే. దాని పక్కన ఫోన్ బొమ్మో, యూఎస్‌బీ గుర్తో ఉంటుంది. వెనక సీటు పోర్టులో పెట్టి ఎంతసేపు ఎదురుచూసినా లాభం లేదు.

ఫోన్ పోర్టును కూడా ఒకసారి టార్చ్ వేసి చూడండి. జేబులోని నూలు పోగులు, దుమ్ము అందులో దట్టంగా చేరిపోతాయి. కేబుల్ పూర్తిగా లోపలికి దిగకుండా కాస్త కదిలితే తెగిపోతూ ఉంటుంది. ఫోన్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా ఆ దుమ్ము తీయొచ్చు. సూది, పిన్నులాంటి లోహం వాడొద్దు.

ఛార్జింగ్ వేగం విషయంలో ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. పాత యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం డేటా పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. కొత్త కార్లలో ఇంకాస్త ఎక్కువ ఇస్తారు. అయినా ఇంట్లోని 33 వాట్లు, 67 వాట్ల ఛార్జర్‌తో పోలికే లేదు. మ్యాప్, పాటలు, డేటా మూడూ నడుస్తుంటే బ్యాటరీ శాతం పెరగకుండా ఉన్నచోటే నిలబడినా ఆశ్చర్యపోవద్దు. ప్రయాణానికి ముందు ఇంట్లోనే నిండా ఛార్జ్ చేసుకోవాలి.

ఇంకో సంగతి. ఆండ్రాయిడ్ ఆటోలో కేబుల్ పెట్టినా కాల్స్ బ్లూటూత్ మీదే వెళ్తాయి. కేబుల్ ఉంది కదా అని బ్లూటూత్ ఆపేస్తే ఫోన్ మాట కారు స్పీకర్లలోకి రాదు. కేబుల్ కార్‌ప్లేలో అలా కాదు, అన్నీ కేబుల్ మీదే నడుస్తాయి. ఐఫోన్‌లో సిరి ఆపేసి ఉంటే కార్‌ప్లే అసలు మొదలవ్వదు, అది ఆన్‌లో ఉండాలి. ఐఫోన్ 14 వరకు లైట్నింగ్ కేబుల్, 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్-సి. ఇంట్లో రెండు రకాల ఫోన్లుంటే రెండు కేబుళ్లూ కారులోనే ఉంచేయండి, ఎవరు నడిపినా గొడవ ఉండదు.

వైర్‌లెస్: సుఖం ఉంది, ఖరీదూ ఉంది

వైర్‌లెస్ అంటే బ్లూటూత్ అనుకుంటారు చాలామంది. బ్లూటూత్ పని మొదటి పలకరింపుతో దాదాపు ముగుస్తుంది. ఫోన్, కారు ఒకదాన్నొకటి గుర్తుపట్టాక, స్క్రీన్ బొమ్మా పాటలూ అన్నీ వైఫై మీద నడుస్తాయి, ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. అందుకే ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఆన్‌లో ఉండాలి. ఆండ్రాయిడ్ 11 లేదా ఆపై ఉండి, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్న ఫోన్లన్నీ పనిచేస్తాయి. కార్‌ప్లే వైపు, ఇప్పుడు చేతిలో ఉండే ఐఫోన్లన్నీ వైర్‌లెస్‌లో పనిచేస్తాయి. కారు ఒప్పుకోవడమే కావాలి.

దీని సుఖం వాడినవాళ్లకే తెలుస్తుంది. పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు కొని, బ్యాంకుకు వెళ్లి ఇంటికొచ్చే మనిషి ప్రతిసారీ కేబుల్ పెట్టి తీయడం విసుగు పుట్టిస్తుంది. పెట్టి తీసిన కొద్దీ ఫోన్ పోర్టు వదులవుతుంది కూడా. వైర్‌లెస్ అయితే ఫోన్ హ్యాండ్‌బ్యాగులో ఉన్నా స్క్రీన్ మీద మ్యాప్ వచ్చేస్తుంది.

దానికి మనం చెల్లించేది బ్యాటరీ, వేడి రూపంలో. వైఫై, జీపీఎస్, మొబైల్ డేటా మూడూ ఒకేసారి నడుస్తాయి, ఛార్జింగ్ ఉండదు. గంటలో చేరే దూరమైతే పర్వాలేదు. నాలుగైదు గంటల ప్రయాణమైతే ఎలాగూ ఛార్జర్ పెట్టాల్సిందే. ఎలాగూ తీగ పెడుతున్నప్పుడు దాన్ని డేటా పోర్టులోనే పెట్టి కేబుల్ కనెక్షన్ వాడుకోవడం తెలివైన పని అని నా ఉద్దేశం.

వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ మీద ఫోన్ పెడితే సరిపోతుంది కదా అంటారు. మన ఎండల్లో అది కష్టం. తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వేడిలో వాడమని యాపిల్ చెబుతుంది. మే నెలలో రామగుండంలోనో కర్నూలులోనో ఎండలో నిలబెట్టిన కారులో లోపలి వేడి దాన్ని ఎప్పుడో దాటిపోతుంది. అప్పటికే వేడెక్కిన ఫోన్‌ను ప్యాడ్ మీద పెట్టి, పైగా వైఫై, జీపీఎస్ నడిపిస్తే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఛార్జింగ్ ఆపేస్తుంది, వేగం తగ్గించుకుంటుంది. స్క్రీన్ మీద మ్యాప్ ఆగి ఆగి కదులుతుంది. వేసవిలో ప్యాడ్‌ను పక్కన పెట్టి, ఫోన్‌ను ఏసీ గాలి తగిలేచోట ఉంచి, కేబుల్ వాడండి.

వైర్‌లెస్ తరచూ తెగిపోతుంటే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా నడిపే యాప్) నడుస్తుంటే కాసేపు ఆపి చూడండి. అయినా కుదరకపోతే ఫోన్‌లోంచి కారును, కారులోంచి ఫోన్‌ను రెండు వైపులా తొలగించి కొత్తగా జత చేయండి. ఒక వైపే తొలగిస్తే చాలాసార్లు సమస్య అలాగే ఉంటుంది.

పెద్ద స్క్రీన్ ఉంటే వైర్‌లెస్ కచ్చితంగా ఉంటుందనుకోకండి. మన దేశంలో హ్యుందాయ్, కియా కార్లలో కొన్నేళ్లపాటు 8 అంగుళాల చిన్న స్క్రీన్‌కు వైర్‌లెస్ ఉండేది, ఖరీదైన వేరియంట్లలోని 10.25 అంగుళాల స్క్రీన్‌కు మాత్రం కేబుల్ తప్పనిసరిగా ఉండేది. ఎక్కువ డబ్బు పెట్టి పై వేరియంట్ తీసుకున్నవాళ్లు ఆశ్చర్యపోయారు. సెకండ్ హ్యాండ్‌లో ఆ కార్లు చూస్తున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మరోవైపు, ముందు కేబుల్‌తోనే వచ్చి తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వైర్‌లెస్ పొందిన కార్లూ ఉన్నాయి. మీ కారుకు అలాంటి అప్‌డేట్ ఉందేమో సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు అడగండి, కేబుల్ కనెక్షన్‌ను వైర్‌లెస్ చేసే డాంగిల్ కొనే ఖర్చు మిగలొచ్చు.

డాంగిల్ కొనాలా?

కారులో కేబుల్ ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే ఉండి, దాన్ని వైర్‌లెస్ చేసుకోవాలనుకునేవాళ్ల కోసం చిన్న డాంగిళ్లు వచ్చాయి. దాన్ని యూఎస్‌బీ పోర్టులో పెడితే, కేబుల్‌తో ఒక ఫోన్ కలిసిందని కారు అనుకుంటుంది. అసలు ఫోన్ మాత్రం డాంగిల్‌తో వైఫై మీద మాట్లాడుతుంది. కేబుల్ సదుపాయమే లేని స్క్రీన్‌కు ఏ డాంగిల్ పెట్టినా ఏమీ జరగదు. ఆన్‌లైన్‌లో కొనే ముందు ఈ ఒక్క విషయం సరిచూసుకుంటే డబ్బు వృథా కాదు.

మోటోరోలా ఎంఏ1 లాంటివి ఆండ్రాయిడ్ ఆటోకు మాత్రమే పనిచేస్తాయి. రెండు రకాల ఫోన్లకూ పనిచేసేవీ దొరుకుతాయి. ఇంట్లో ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఉంటే రెండోరకమే చూడండి. కొనేటప్పుడు డబ్బు వెనక్కిచ్చే గడువు ఉన్నచోట కొనండి. ఒకే డాంగిల్ ఒక కారులో చక్కగా పనిచేసి, ఇంకో కారులో పదే పదే తెగిపోవచ్చు, అది ముందే తెలిసే మార్గం లేదు.

కారు స్టార్ట్ చేశాక మ్యాప్ రావడానికి డాంగిల్‌తో కాస్త ఆలస్యమవుతుంది. స్క్రీన్ లేవాలి, డాంగిల్ లేవాలి, ఆ తర్వాత ఫోన్ కలవాలి. ఇంకో ఇబ్బంది, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా యూఎస్‌బీ పోర్టుకు కరెంటు వస్తూనే ఉంటుంది. కారు ఇంటి ముందే ఉంటే ఫోన్ హాల్లోంచే డాంగిల్‌కు అతుక్కుని ఉంటుంది, వచ్చిన కాల్ కారులో మోగుతుంది. అలాంటి కారైతే దిగేటప్పుడు డాంగిల్ తీసేయాలి. మరి రోజూ తీసి పెట్టే పనే ఉంటే కేబుల్‌కూ దీనికీ తేడా ఏముంది?

కారు స్క్రీన్ మీద యూట్యూబ్, సినిమాలు చూపిస్తాం అని అమ్మే పెట్టెలు కూడా ఇదే వరుసలో కనిపిస్తాయి. దయచేసి డ్రైవర్ ముందున్న స్క్రీన్‌కు అవి పెట్టకండి. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే కారు కదులుతున్నప్పుడు వీడియో రాకుండా ఆపింది ఊరికే కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు పక్కకు పోతే కారు 44 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది.

స్టీరియో మార్చడం, ఇతర దారులు

స్క్రీన్ లేని పదేళ్ల కారుకు కొత్త టచ్‌స్క్రీన్ స్టీరియో పెట్టించుకోవచ్చు. కారు ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకుంటారనుకుంటేనే ఇది లాభం, వచ్చే ఏడాది అమ్మేద్దామనుకుంటే ఆ డబ్బు తిరిగి రాదు. పయనీర్, సోనీ లాంటి పేరున్న కంపెనీల స్టీరియోల్లో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే నేరుగా ఉంటాయి. స్క్రీన్ పెద్దది, ధర తక్కువ అని అమ్మే ఆండ్రాయిడ్ ప్లేయర్లలో ర్యామ్ తక్కువైతే ఏడాది తిరిగేసరికి నత్తనడక నడుస్తాయి. పెట్టే మనిషిని మాత్రం ఒకటి అడగాలి: వైర్లు కోస్తారా, మీ కారు మోడల్‌కు సరిపడే కప్లర్ (వైర్లు కోయకుండా బిగించే ప్లగ్గు) వాడతారా? కోసి అతికిస్తే వారంటీలో ఉన్న కారుకు ఎలక్ట్రికల్ వారంటీ ఇబ్బందుల్లో పడుతుంది. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా మళ్లీ పనిచేస్తాయో లేదో డబ్బు ఇచ్చే ముందే చేసి చూపించమనండి.

ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే ఆక్స్ కేబుల్‌తో పాటలు బాగానే వస్తాయి కానీ, కొత్త ఫోన్లలో చాలావాటికి ఆ రంధ్రమే లేదు. సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ అన్నిటికంటే చవక, అన్నిటికంటే బలహీనం. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీ స్టేషన్ వెతుక్కోవాలి. హైదరాబాద్ లాంటి నగరంలో అది దొరకడమే కష్టం, కాస్త దూరం పోగానే ఇంకో స్టేషన్ మీద పడుతుంది. కారులో బ్లూటూత్, ఆక్స్ రెండూ లేకపోతేనే దాని వైపు చూడండి. ఫోన్‌ను కారు స్క్రీన్ మీద చూపించే పాత పద్ధతి మిర్రర్‌లింక్ పేరు పాత స్క్రీన్లలో కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుని కారు కొనకండి, దాని కాలం అయిపోయింది.

హోల్డర్ గురించి, చట్టం గురించి

బ్లూటూత్‌తో సరిపెట్టుకునేవాళ్లకు హోల్డర్ తప్పనిసరి. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తర్వాత, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారి పట్టుబడితే వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా, జైలు శిక్షకూ వీలుంది. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చని అన్నాయి, అదీ డ్రైవర్ దృష్టి చెదరకుండా ఉంటేనే. ఒడిలో ఫోన్ పెట్టుకుని తల వంచి మ్యాప్ చూడటం ఆ మినహాయింపులోకి రాదు.

హోల్డర్‌ను అద్దానికి అతికించే కంటే ఏసీ వెంట్‌కు బిగించేదే మన వేసవికి మంచిది. ఎండ నేరుగా పడదు, చల్లగాలి తగులుతుంది. చంటిపిల్లలున్న కారులో ఊడి పడేంత వదులుది అస్సలు వాడొద్దు.

మీకు ఏది?

రోజూ ఊళ్లోనే తిరుగుతారు, కారులో వైర్‌లెస్ ఉంది: అదే వాడండి, ఒక కేబుల్ డ్యాష్‌బోర్డ్ అరలో ఉంచండి. కారులో కేబుల్ మాత్రమే ఉంది, ప్రయాణాలు చాలావరకు అరగంట లోపే: డాంగిల్ గురించి ఆలోచించొచ్చు. నెలకు రెండు మూడుసార్లు ఊరికి వెళ్లొచ్చే వాళ్లయితే డాంగిల్ వద్దు, రెండు మంచి కేబుళ్లు కొనుక్కోండి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

కారును రోజంతా నడిపే క్యాబ్ డ్రైవర్ అన్నలకు నా సలహా కేబుల్, హోల్డర్. రైడ్ యాప్ ఎలాగూ ఫోన్ స్క్రీన్ మీదే చూడాలి, ఫోన్ రోజంతా బతకాలి. వైర్‌లెస్ ఇక్కడ ఖర్చే తప్ప సుఖం కాదు.

ఇంట్లో అమ్మానాన్నలు నడిపే కారైతే సదుపాయం ఎంతుందని కాకుండా, ఎవరూ పక్కన లేకపోయినా వాళ్లంతట వాళ్లు వాడగలరా అని చూడండి. నాన్నగారికి బ్లూటూత్ కాల్ ఎత్తడం వస్తే, మిగతాదంతా ఆయన అడిగినప్పుడు నేర్పొచ్చు. ఆయన ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఆటో తెరవగానే స్క్రీన్ అంతా ఐకాన్లతో నిండిపోతే టెన్షన్ పడతారు. అక్కర్లేని యాప్‌లను ఆ జాబితాలోంచి తీసేసి, మ్యాప్, ఫోన్, పాటలు మూడే ఉంచండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, ఘాట్ రోడ్లకు బయల్దేరే ముందు ఇంటి వైఫైలోనే ఆ ప్రాంతం మ్యాప్‌ను గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలో, మారేడుమిల్లి ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఆఫ్‌లైన్ మ్యాప్ దారి చూపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం చూపించదు. మ్యాప్ ముందే దింపుకోకపోతే, కేబుల్ ఎంత గట్టిదైనా, సిగ్నల్ లేని అడవిలో కొత్తగా దారి వెతకడం ఫోన్‌కు చేతకాదు.

డెలివరీ రోజు, అమ్మే రోజు

కొత్త కారు తాళాలు తీసుకునే ముందు షోరూమ్‌లోనే మీ ఫోన్‌తో ఇవన్నీ చేసి చూడండి: బ్లూటూత్ జత చేసి ఒక కాల్ మాట్లాడండి, అవతలివాళ్లకు మీ గొంతు స్పష్టంగా ఉందో అడగండి. మీ కేబుల్‌తో మ్యాప్ తెప్పించండి. వైర్‌లెస్ ఉందని చెప్పి ఉంటే కారు ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మీరేమీ నొక్కకుండా అదే కలుస్తుందో చూడండి. ఇంట్లో ఇద్దరు నడిపేటట్టయితే ఇద్దరి ఫోన్లూ జత చేసి, ఇద్దరూ కారులో ఉన్నప్పుడు ఎవరిది ముందు కలవాలో అప్పుడే సెట్ చేయించుకోండి. చాలా కార్లలో ఒకసారికి ఒక ఫోన్ మ్యాప్ మాత్రమే స్క్రీన్ మీదికి వస్తుంది.

సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకున్నప్పుడు బ్లూటూత్ జత చేస్తుంటే, మీ కాంటాక్ట్స్ కారులోకి తీసుకోవాలా అని ఫోన్ అడుగుతుంది. అద్దె కారుకు వద్దనే చెప్పండి. ఒప్పుకుంటే మీ వాళ్లందరి పేర్లూ నంబర్లూ, కాల్ జాబితాతో సహా, ఆ కారులో మిగిలిపోవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు కారు సెట్టింగ్స్‌లోంచి మీ ఫోన్‌ను తొలగించండి. సొంత కారు అమ్మేటప్పుడు ఒక్కో ఫోన్ తీసే బదులు స్టీరియోను ఫ్యాక్టరీ రీసెట్ చేసేయండి, దానితోపాటు కారు కంపెనీ కనెక్టెడ్ యాప్‌లోంచి కూడా కారును తీసేయండి. లేకపోతే కారు ఇంకొకరి ఇంట్లో ఉన్నా, అది ఎక్కడుందో మీ ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు కూడా మొదట చేయాల్సింది ఇదే: రీసెట్ చేసి, పాత యజమాని యాప్ నుంచి కారు తొలగిపోయిందో లేదో ఆయన ముందే చూసుకుని, ఆ తర్వాతే మీ ఫోన్ జత చేసుకోండి.